పండుగ తర్వాత చార్జింగ్ ఎక్కలేదు

మా శాఖలో కొత్తగా చేరిన ఇంజనీర్లు అప్పుడప్పుడు నన్ను చూడటానికి ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "మేడం, మీ సర్వీసులో అన్నింటికన్నా పెద్ద బ్రేక్‌డౌన్ ఏది?" అని అడుగుతారు. వాళ్లు వినాలనుకునేది గాలివానకు ఒరిగిన స్తంభాల గురించి, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల గురించి. అవి నాకూ ఉన్నాయి. కానీ అవి ఈ శాఖలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ ఉంటాయి. నేను మాత్రం కరెంటు ఒక్క క్షణం కూడా పోకుండా వచ్చిన బ్రేక్‌డౌన్ గురించి చెబుతాను. మొదట కొంచెం నిరాశ పడతారు, తర్వాత నవ్వుతారు. మీరూ అంతే చేయండి, నాకేం అభ్యంతరం లేదు.

నా ఆఖరి పోస్టింగ్ సంగారెడ్డిలో. కరెంటు ఆఫీసులో ఏడీఈగా, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా చేశాను. ఆఫీసు ముందు రోడ్డు వైపు కొంత ఖాళీ జాగా ఉండేది. ఎలక్ట్రిక్ బండ్ల కోసం అక్కడ చార్జింగ్ స్టేషన్ పెట్టారు. స్టేషన్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. బీరువా అంత మిషన్ ఒకటి, దాని మీద రేకుల కప్పు, పక్కన ఒక బోర్డు. బండికి తగిలించే పిడిని గన్ను అంటారు, పెట్రోల్ బంకులో అన్నట్టే. బోర్డు మీద రెండు గన్నుల బొమ్మ ఉంది, మిషన్‌కు ఒక్కటే ఉంది. రెండోది వస్తుందన్నారు. నేను రిటైరయ్యే నాటికి కూడా వస్తూనే ఉంది.

మొదట్లో బండ్ల కన్నా మనుషులే ఆ స్టేషన్‌ను ఎక్కువగా వాడుకున్నారు. పక్కనున్న కోర్టుకు వాయిదాల కోసం వచ్చినవాళ్లు ఆ నీడన కూర్చొని టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్లు. ఎప్పుడైనా కారు వస్తే మర్యాదగా లేచి పక్కకు జరిగేవాళ్లు, కారు పోయాక మళ్లీ కూర్చునేవాళ్లు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఎండకు నిలబడే జాగా లేని ఊళ్లో నీడ కూడా ప్రజాసేవే.

ఆ మిషన్‌కు ముగ్గురు యజమానులు. కరెంటు ఇచ్చేది మేము. మిషన్ ఒక ప్రైవేటు కంపెనీది. అది ఎలా ఉందో చూసేది హైదరాబాదులో ఒక స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్లు. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే మా స్టేషన్ దగ్గర ఆకుపచ్చ చుక్క కనబడేది. మిషన్‌కు కరెంటు ఉంది, నెట్‌వర్క్ ఉంది, ప్రస్తుతం ఎవరూ వాడటం లేదు, రావచ్చు అని దాని భావం.

ఆ చుక్కను నమ్మి వచ్చినవాడు ఒక డ్రైవరు. సంగారెడ్డి పక్క పల్లెలో వ్యవసాయ కుటుంబం. చాలాకాలం వేరేవాళ్ల డీజిల్ వ్యాన్లు నడిపి, చివరికి సొంతంగా ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాడు. జిన్నారం వైపు మందుల ఫ్యాక్టరీలకు మనుషులను చేర్చడం అతని పని. ఇంటి దగ్గర రాత్రంతా పెట్టిన చార్జింగ్‌తో పొద్దున షిఫ్టు అయిపోయేది. మధ్యాహ్నం మా మిషన్ దగ్గర కాసేపు పెట్టుకొని రెండో షిఫ్టుకు ఐదుగురు ఆడవాళ్లను తీసుకుపోయేవాడు. రాత్రి వాళ్లను తిరిగి ఇళ్ల ముందు దించేవాడు.

ఈ 'ఇళ్ల ముందు' అన్న మాటను గుర్తు పెట్టుకోండి. కాంట్రాక్టరు దగ్గర పెద్ద డీజిల్ వ్యాన్ ఉంది కానీ అది మెయిన్ రోడ్డు మీదే ఆగుతుంది. అక్కడి నుంచి పల్లెలోకి రాత్రిపూట నడిచి రావాలంటే ఆ ఐదుగురిని ఇళ్లలో రెండో షిఫ్టుకు పంపరు. ఈ కారు గడప దాకా వస్తుంది కాబట్టే పంపుతున్నారు. కారు ఆగిందంటే డ్రైవరు ట్రిప్పు ఒక్కటే పోదు, ఐదుగురి కొలువులు పోతాయి.

దసరా సెలవులు కాగానే అతను మా ఆఫీసుకు వచ్చాడు.

"మేడం, మీ మిషన్ల కరెంటు లేదు" అన్నాడు.

మా సీనియర్ లైన్‌మన్ అక్కడే ఉన్నాడు. నాతో సమానంగా సర్వీసు చేసిన మనిషి. కరెంటు లేదన్న మాట ఎవరన్నా తనను తిట్టినంత బాధపడతాడు.

"కరెంటు లేదని ఎట్లంటవ్? రా, నువ్వే సూడు" అని అతన్ని వెంటబెట్టుకొని పోయి ప్యానెల్ తెరిచి మీటర్ పెట్టి చూపించాడు. వోల్టేజీ నిండుగా ఉంది. కారుకు గన్ను తగిలించారు. మిషన్ మాత్రం 'వాహనం కోసం వేచి ఉంది' అని చూపించింది. వాహనం దాని ఎదురుగానే ఉంది.

నేను కంపెనీకి ఫోన్ చేశాను. "ఇక్కడ గ్రీనే చూపిస్తోంది మేడం. ఇక్కడి నుంచే రీస్టార్ట్ కూడా చేశాం. కార్ ప్రాబ్లమ్ అయ్యుంటుంది" అని అటువైపు ఒక అబ్బాయి చాలా మర్యాదగా చెప్పాడు. డ్రైవరు కారును పటాన్‌చెరులో షోరూముకు తీసుకుపోయాడు. వాళ్ల చార్జర్ మీద చక్కగా ఎక్కింది. కారు బాగానే ఉందని పంపేశారు. అంటే కారు బాగుంది, మిషన్ బాగుంది, కరెంటు బాగుంది. చార్జింగ్ ఒక్కటే ఎక్కడం లేదు.

అతను మళ్లీ వచ్చాడు. "పండుగ దాంక మంచిగనే ఎక్కింది మేడం. పండుగ తర్వాతనే గిట్లయింది" అన్నాడు.

ఆ మాట మీద మా ఆఫీసులో పెద్ద చర్చ జరిగింది. పండుగ సెలవుల్లో కారు కదలకుండా ఉండటం వల్ల బ్యాటరీ మొద్దుబారిందని సబ్ ఇంజనీర్ అన్నాడు. మా అకౌంట్స్ సెక్షన్‌లో ఒక పెద్దమనిషి కళ్లజోడు పైకి నెట్టి, "దసరాకు బండికి గుమ్మడికాయ కొట్టినవా?" అని అడిగాడు.

"కొట్టిన సార్. నిమ్మకాయలు గూడ తొక్కిచ్చిన."

"మరింక నీ తప్పేం లేదు పో" అన్నాడు ఆ పెద్దమనిషి. అందరూ నవ్వారు. డ్రైవరు నవ్వలేదు.

అప్పటి నుంచి అతను హైవే మీద హోటల్ దగ్గరున్న చార్జర్‌కు పోవడం మొదలుపెట్టాడు. అక్కడ హైదరాబాదు కార్లు వరుసలో ఉంటాయి. తన వంతు వచ్చేసరికి టైమైపోతుంది. ఫ్యాక్టరీ గేటు మధ్యాహ్నం రెండింటికి మూస్తారు. మూశాక వచ్చినవాళ్లు ఎవరైనా సరే, బయటే. అలా రెండుసార్లు ఆ ఐదుగురూ గేటు దాకా పోయి వెనక్కి వచ్చారు. ఇంకొక్కసారి ఇట్లయితే డీజిల్ వ్యాన్ పెడతానని కాంట్రాక్టరు తేల్చి చెప్పాడట. ఈ సంగతి అతను నాకు చాలా మామూలుగా చెప్పాడు. ఫిర్యాదు చేసి చేసి విసిగిన మనిషి గొంతు అలాగే ఉంటుంది. నేను కంపెనీకి మళ్లీ ఫోన్ చేశాను, వాళ్లు మళ్లీ రీస్టార్ట్ చేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి మా స్టేషన్‌కు ప్రశంస వచ్చింది. చుట్టుపక్కల స్టేషన్లన్నింటిలో చుక్క ఎప్పుడూ ఆకుపచ్చగా ఉన్నది మాదేనట. మిగతావి ఒకసారి వాడకంలో ఉంటాయి, ఒకసారి చెడిపోతాయి. మాది చెడిపోయినట్టు చూపించదు, ఎవరికీ ఎక్కదు కాబట్టి ఎప్పుడూ ఖాళీ. మా శాఖ పెద్ద అధికారి ఒకరు స్వయంగా వచ్చి నాకు శాలువా కప్పి అభినందిస్తారని కబురు. నేను ఫోన్‌లో ఆయనకు చెప్పాను, "సార్, ఇక్కడ ఒక బండికి చార్జింగ్ ఎక్కడం లేదని కంప్లైంట్ ఉంది" అని. "ఒక్క బండే కదమ్మా" అన్నారు. నిజమే, ఒక్క బండే. వచ్చే బండి కూడా అదొక్కటే.

ఆయన వచ్చిన రోజు మా ఆఫీసు ముందు నీళ్లు చల్లి ముగ్గు వేశారు. కోర్టుకు వచ్చినవాళ్లను ఆ పూటకు వేరే నీడ చూసుకోమన్నారు. లోకల్ పేపర్ల విలేకరులు ఇద్దరు వచ్చారు. ఆయన దిగింది కూడా ఎలక్ట్రిక్ కారే. దారిలో ఇంకా రెండు మూడు స్టేషన్లు చూసుకొని వచ్చారు, బ్యాటరీ అడుగుకు చేరింది. ఇక్కడ పెట్టుకొని మధ్యాహ్నం మీటింగుకు హైదరాబాదు పోదామని వాళ్ల లెక్క. చిన్న ఊళ్లో కూడా ఏ బండి ఎప్పుడొచ్చినా చార్జింగ్ దొరకాలని నాలుగు మాటలు మాట్లాడి, ఫొటో కోసం గన్ను తీసి తన కారుకు తగిలించారు.

'వాహనం కోసం వేచి ఉంది' అన్నది మిషన్.

"ఇంకోసారి సార్" అన్నాడు ఫొటోగ్రాఫర్. ఇంకోసారి పెట్టారు. ఆయన డ్రైవరు వచ్చి తీసి తుడిచి పెట్టాడు. సబ్ ఇంజనీర్ వచ్చి గట్టిగా నొక్కి పెట్టాడు. మిషన్ వేచి ఉంది. పెద్ద సారు కారు కొత్తది, దానిలో లోపం ఉందని అనడానికి అక్కడ ఎవరికీ నోరు రాలేదు. ఇన్ని వారాలు బండిది అనుకున్న జబ్బు ఒక్క నిమిషంలో మిషన్‌ది అయిపోయింది. మా శాఖలో ఎన్నేళ్లు చేసినా నాకు మింగుడుపడనిది ఇదే.

నేను గన్ను తీసుకొని దాని మూతిని వెలుతురుకు తిప్పి, ఫోన్ లైటు వేసి చూశాను. పెద్ద రంధ్రాలు రెండు, వాటి పైన చిన్నవి కొన్ని. కరెంటు పెద్దవాటిలోంచి పోతుంది. బండి వచ్చిందని మిషన్‌కు చెప్పేవి చిన్నవి. పెద్దవాటికి అంచుల దాకే పసుపు, చిన్నవాటికి మాత్రం నిండా. సిమెంటు పూసినట్టు గట్టిపడి ఉంది. ఒక్కోదాని మీద ఒక్కో కుంకుమ బొట్టు.

బయటివాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. మాకు వింత కాదు. దసరాకు ప్రతి సబ్‌స్టేషన్‌లోనూ ఆయుధ పూజ చేస్తాం. బ్రేకర్ హ్యాండిల్‌కు, కటింగ్ ప్లేయర్‌కు, ఎర్త్ రాడ్‌కు, నిచ్చెనకు, ఆఖరికి రబ్బరు గ్లవ్స్‌కు కూడా బొట్టు పెడతాం. చెయ్యి పడే ప్రతి చోటా బొట్టు ఉండాలి. ప్రాణం అక్కడే పోతుంది కాబట్టి అక్కడే మొక్కుతాం. ఈ పద్ధతిని నేనెప్పుడూ ఎగతాళి చేయలేదు, ఇప్పుడూ చేయను. స్తంభం ఎక్కి దిగిన మనిషికి దాని విలువ తెలుసు.

నేను సీనియర్ లైన్‌మన్ వైపు చూశాను. అతను దాచలేదు. దాచాల్సింది ఏముందని కూడా అనుకోలేదు.

"పండుగ నాడు నేనే వెట్టిన మేడం. కొత్త మిషన్ గదా అని మంచిగ వెట్టిన. ఒక్క తొర్ర గూడ ఇడ్వలే" అన్నాడు.

అందరూ పెద్ద సారు ముఖం చూశారు. కోప్పడాలో వద్దో ఆయనకు తేలినట్టు లేదు. ఆయన కారు ముందు భాగాన కూడా దసరా నాటి బొట్టు చెరగకుండా ఉంది. కాసేపు దాన్నే చూశారు. "సరే, కడగండి" అన్నారు.

కడగడం కూడా అంత తేలిక కాలేదు. లైన్‌మన్ ఫోన్ తీసి సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ అడిగాడు. అంటే అటు సప్లై ఆపేశామని వాళ్లు చెప్పేదాకా ఇటు చెయ్యి పెట్టడు. "ఎంతసేపయ్యా?" అని అధికారి అడిగితే, "ఎంతసేపైనా సార్, ఎల్‌సీ లేంది నేను చెయ్యి వెట్ట" అన్నాడు. ఆ రోజు అతని మీద నాకు కోపం వచ్చిన మాట నిజం, ఆ ఒక్క జవాబుతో అది పోయిన మాటా నిజం. సప్లై ఆగాక ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోని స్పిరిట్, ఒక కొత్త టూత్ బ్రష్ తెచ్చి, తను పెట్టిన పసుపును తనే ఓపికగా తీశాడు. తీసేముందు ఒకసారి కళ్లకు అద్దుకున్నాడు.

సప్లై వచ్చింది. గన్ను పెట్టారు. మిషన్ లోపల టక్కుమంది, అంకెలు కదిలాయి. చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు. నేను పక్కకు వచ్చి డ్రైవరుకు ఫోన్ చేశాను.

"మిషన్ మంచిగైంది, జల్దీ రా" అన్నాను.

అటువైపు ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. "ఇప్పుడే కాంట్రాక్టరుకు చేద్దామని ఫోన్ చేత్ల వట్టుకున్న మేడం, ఇయ్యాల నాతోటి గాదని చెప్దామని" అన్నాడు. ఐదుగురినీ ఎక్కించుకొని నేరుగా వచ్చేశాడు.

వచ్చేసరికి ఒక్క గన్ను, అది పెద్ద సారు కారుకు. ఆ కారు నిండటానికి ఇంకా చాలాసేపు పడుతుంది. డ్రైవరుకు కావలసింది అరగంట పని, కానీ ఆ అరగంట ఇప్పుడే కావాలి. అతను నా వైపు చూశాడు. అధికారి డ్రైవరు అప్పటికే చెయ్యి ఊపుతున్నాడు, "సారుకు మీటింగుంది, జెర ఆగుండ్రి" అని. నేను నోరు తెరవబోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటుండగానే కారులోంచి ఒకామె దిగింది. ఐదుగురిలో పెద్దది. కొంగు నడుముకు చెక్కుకొని, మెడలో ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు, చేతిలో టిఫిన్ సంచి. కుర్చీలో కూర్చున్న అధికారి దగ్గరికే నేరుగా పోయింది.

"సారూ, మీ బండి ఇంకెంతసేపు?"

"గంట పడుతుందమ్మా. హైదరాబాదులో మీటింగు ఉంది నాకు."

"మీరు వోకుంటే మీటింగు మొదలువెడ్తరా సార్?"

ఆయన కొంచెం నవ్వి, "నేను పోతేనే మొదలవుతది" అన్నారు.

"మాకు గట్ల లేదు సార్. మేము వోకున్నా రెండింటికి గేటు మూస్తరు" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలడం కూడా లేదు. సంగతి చెప్పింది, అంతే.

ఆయన ఆమెను చూశారు, కారులో నలుగురిని చూశారు, తన గడియారం చూసుకున్నారు. అందరూ తమ కోసం ఆగే హోదాలో ఉన్నవాళ్లకు ఇలాంటి మాట చాలా ఏళ్లుగా తగిలి ఉండదు. లేచి తన డ్రైవరుతో, "తియ్. వాళ్లది పెట్టు" అన్నారు.

ఆ అరగంట అందరం ఆ రేకుల కిందే ఉన్నాం. ఆడవాళ్లు దిగి నీడకు వచ్చారు. అటెండరు పెద్ద సారు కోసం తెచ్చిన బిస్కెట్లు వాళ్లకు కూడా పంచాడు. మీరేం పని చేస్తారని ఆయన వాళ్లను అడిగారు.

"గోళీలు ప్యాక్ జేస్తం సార్" అన్నది ఆ పెద్దామె. "మీకు షుగరుంటే మీ గోళీలు గూడ మా చేతులకెళ్లే వొచ్చుంటయ్."

"ఉంది" అన్నారు ఆయన, చేతిలోని బిస్కెట్ ప్లేట్‌లో పెట్టేస్తూ. ఆ రోజు ఆయన మనసారా నవ్వింది అప్పుడే.

ఇక్కడొక మాట చెప్పి ముందుకు పోతాను. ఆ తర్వాత మా స్టేషన్‌కు బండ్లు రావడం మొదలైంది. ఎలక్ట్రిక్ ఆటోలు వచ్చి ఈ గన్ను తమకు పట్టదని తెలుసుకొని పోయేవి, కార్లు మాత్రం నిలబడేవి. కొన్నాళ్లకు హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, మీ స్టేషన్ ఇదివరకులా ఖాళీగా చూపించడం లేదు. ర్యాంకు పడిపోయింది. కారణం ఏం రాయమంటారు?" అన్నది. బండ్లు వస్తున్నాయని రాయమన్నాను. ఆ కారణం తన దగ్గరున్న ఆప్షన్లలో లేదన్నది. చివరికి 'ఇతరములు' అని పెట్టుకున్నామని చెప్పింది. మీలో ఎవరైనా రేపు అలాంటి స్క్రీన్లు తయారుచేసే చోట ఉంటే, దయచేసి ఆ ఆప్షన్ ఒకటి చేర్చండి.

ఇక ఆ రోజు సంగతి. డ్రైవరు గన్ను తీసి మిషన్‌కు పెట్టి, నాకు నమస్కారం కూడా సరిగ్గా పెట్టకుండా కారెక్కాడు. పెట్టనందుకు నేను సంతోషించాను. పటాన్‌చెరు దగ్గర లారీలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. పెద్ద సారు కారుకు మళ్లీ గన్ను తగిలించారు. నాకు కప్పాల్సిన శాలువా ఎవరికీ గుర్తు రాలేదు, ఆయన కారులోనే హైదరాబాదు తిరిగి వెళ్లిపోయింది.

నేను లోపలికి పోయి టిఫిన్ డబ్బా తెరిచాను. తినబుద్ధి కాలేదు. ఒక ఊరంతా చీకట్లో ఉన్నప్పుడు కూడా నేను కూర్చొని అన్నం తిన్నదాన్ని. అలా తినకపోతే మా ఉద్యోగంలో ఎవరూ బతకరు. ఆ మధ్యాహ్నం మాత్రం ముద్ద దిగలేదు. గోడ గడియారం రెండు దాటింది. నేనే ఫోన్ చేద్దామా అనుకున్నాను. బండి నడుపుతుంటాడేమోనని ఆగాను. ఆడవాళ్లకు చేద్దామంటే వాళ్ల నంబర్లు లేవు, ఉన్నా ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు.

కాసేపటికి అతనే చేశాడు. వెనక లారీ హారన్లు వినిపిస్తున్నాయి.

"మేడం, లోపలికి వోయిన్రు."

"అందరా?"

"అందరు మేడం. లోపలికి వోయేదాంక చూస్కుంట నిలవడ్డ."

ఇన్నేళ్ల ఉద్యోగంలో సప్లై వచ్చిందని, లైన్ నిలబడిందని, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కిందని ఎందరో నాకు ఫోన్ చేసి చెప్పారు. సరే అని పెట్టేసేదాన్ని. ఆ రోజు మాత్రం పెట్టెయ్యలేదు. "తిన్నవా?" అని అడిగాను.

"ఇగ తింట మేడం" అన్నాడు.

నేనూ డబ్బా దగ్గరికి లాక్కున్నాను.